అప్‌డేట్: కొత్త కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి రెండేళ్లు ఎందుకు పడుతుంది?

అమెరికాలో ఒక యూనివర్సిటీ కొత్తగా ఫుట్‌బాల్ (సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) మొదలుపెడితే, కోచ్ వచ్చాక మొదటి ఆటకి అంతకాలం ఎందుకు ఆగుతారని అడిగాను కదా. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఉన్న యూటీఎస్‌ఏ అనే యూనివర్సిటీ సంగతి చూస్తే విషయం తేలింది. లారీ కోకర్‌ని కోచ్‌గా 2009లో తీసుకున్నారు, మొదటి ఆట 2011 సెప్టెంబర్ 3న.

అసలు చిక్కు లెక్కలోనే ఉంది. అప్పట్లో పై స్థాయి జట్టుకి 85 స్కాలర్‌షిప్‌లు ఉన్నా, ఏడాదికి కొత్తవాళ్లు 25 మందే. మూడు బ్యాచ్‌లు నిండుగా తీసుకున్నా 75 దగ్గరే ఆగుతుంది. (ఈ 25 పరిమితి ఇప్పుడు లేదు.) ఆటగాడికి ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడే వీలుండేది, అంటే ఒక ఏడాది ఆడకపోయినా నష్టం లేదు కాబట్టి, మొదటి బ్యాచ్‌ని 2010లో ఆటల్లేకుండా ప్రాక్టీసులోనే ఉంచారు. ఇది చాలా తెలివైన పని. స్కూలు నుంచి వచ్చిన లైన్‌మెన్‌కి (ముందు వరసలో ఎదుటివాళ్లతో తలపడే భారీ ఆటగాళ్లకి) కండబలం రావడానికి కనీసం ఒక ఏడాది కావాలి.

ప్రాక్టీసు తరచుగా దెబ్బతినేది కూడా లైన్‌మెన్ కొరతతోనే. అఫెన్సివ్ లైన్‌లో (బంతి తమ జట్టు దగ్గరున్నప్పుడు ఆడే ముందు వరసలో) అసలు ఆటగాళ్లు ఐదుగురు, వాళ్లకి బదులు ఐదుగురు, కలిపి పదిమంది కావాలి. ఇద్దరు గాయపడితే నిండు జట్లతో ఆడించడం కుదరదు. లాంగ్ స్నాపర్‌ని (కిక్‌ల కోసం బంతిని వెనక్కి దూరంగా విసిరే ఆటగాడిని) కూడా మొదటి బ్యాచ్‌లోనే వెతుక్కోవాలి. అందరూ ఒకే ఈడువాళ్లైతే ఒకేసారి వెళ్లిపోతారు, అందుకే జూనియర్ కాలేజీల (రెండేళ్ల కాలేజీల) నుంచి కొందరిని కలపాలి.

యూటీఎస్‌ఏ మొదటి ఆటకి 56,743 మంది వచ్చారు. నార్త్‌ఈస్టర్న్ స్టేట్‌పై 31-3తో గెలిచినా, ఆ సీజన్ 4-6తో (నాలుగు గెలుపులు, ఆరు ఓటములు) ముగిసింది.