ఐస్‌లాండ్ లౌగవేగుర్ నడకకు గైడ్ కావాలా, వద్దా?

బల్లార్షా_బండి (బల్లార్‌పూర్)
వచ్చే జులైలో తొమ్మిది మందిమి ఐస్‌లాండ్ వెళ్తున్నాం. లాండ్‌మన్నలౌగర్ నుంచి థోర్స్‌మోర్క్ దాకా 55 కిలోమీటర్లు, నాలుగు రోజుల నడక. ఐదో రోజు సోల్‌హైమయోకుల్ హిమానీనదం మీద సగం పూట. మాలో 14 ఏళ్ల పిల్లవాడున్నాడు, 61 ఏళ్ల మేనమామ ఉన్నారు. గైడ్‌తో కలిపి ప్యాకేజీ తీసుకుంటే మాకు వచ్చిన లెక్క ప్రకారం ఖర్చు దాదాపు రెట్టింపు. హట్లు, బస్సు మేమే బుక్ చేసుకుంటే సరిపోదా? మంచు మీద గైడ్ తప్పదని తెలుసు. అడిగేది మొదటి నాలుగు రోజుల సంగతి.

ప్రాణహిత_గట్టు (సిరొంచ)
గైడ్ దండుగ తమ్మీ. ఆ దారిల కొత్తగ కనుక్కునేది ఏం లేదు, పొడుగునా కట్టెలు పాతి ఉంటయి. మొదటి రోజు 12 కిలోమీటర్లు హ్రఫ్న్‌టిన్నుస్కెర్, రెండో రోజు 12 ఆల్ఫ్టావట్న్, మూడో రోజు 15 ఎమ్‌స్ట్రుర్, నాలుగో రోజు 16 నడిస్తే థోర్స్‌మోర్క్. మజిలీ మజిలీకి హట్ ఉంటది, హట్ల వార్డెన్ ఉంటడు, రేపటి వాతావరణం కాయితం అంటిస్తడు. హట్ల మంచం దొరికినోళ్లకు గ్యాస్ పొయ్యి, గిన్నెలు అక్కడనే. తిండి మాత్రం మొదటి రోజు నుంచే మోసుకపోవాలె, దుకాణాల మీద ఆశ వద్దు.

అసలు తిప్పలు మంచాలు దొరుకుడే. జులై మంచాలు నెలల ముందే అయిపోతయి. గైడ్‌కు పెట్టే పైసలు బూట్లకు, వాన బట్టలకు పెట్టుండ్రి. గొడుగు, ప్లాస్టిక్ పోంచో ఇంట్లనే పెట్టిపోండ్రి, ఆ గాలికి రెండు నిమిషాలు ఆగవు. జీన్స్ వద్దు, కాటన్ బనియన్ అసలే వద్దు. తడిస్తే ఆరది, ఒంట్ల వేడి గుంజుతది. ఉన్ని బనియన్, దాని మీద ఫ్లీస్, మీద వాన కోటు, వాన ప్యాంటు. గంతే.

చాందా_సైకిల్ (చంద్రపూర్)
మే నెలలో 46 డిగ్రీల్లో వేగినోళ్లు జులైలో 5 డిగ్రీల వానలో నడవాలి. గైడ్ సంగతి తర్వాత, ముందు ఫ్యాన్ కింద పడుకునుడు మానేయండి.

ధర్మాబాద్_మిర్చి (ధర్మాబాద్)
కట్టెలు కనబడితే కదా అన్నా! మొదటి రోజే 600 మీటర్ల ఎత్తు నుంచి వెయ్యి మీటర్లు దాటి ఎక్కాలి. ఆ పైన జులైలో కూడా పాత మంచు పరుచుకుని ఉంటుంది. పొగమంచు దిగిందంటే పైన తెలుపు, కింద తెలుపు, ఈ కట్టె దగ్గర నిలబడితే పై కట్టె కనబడదు. 2004 జూన్ చివర్లో ఒంటరిగా నడుస్తున్న ఒక యువకుడు మంచు తుఫానులో చిక్కి హట్‌కు కిలోమీటరు దూరంలో చనిపోయాడు. ఆ చోట రాళ్లు పేర్చి గుర్తు పెట్టారు. అదీ అక్కడి ఎండాకాలమే.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. అక్కడ భూమిలోంచి వేడినీళ్లు, ఆవిరి వస్తాయి. ఊట మీద మంచు ఉంటే అది కింది నుంచి కరిగి డొల్ల అవుతుంది, పైకి మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. అడుగు వేస్తే మంచులోంచి నేరుగా మరిగే బురదలోకి. మంచు కుంగినట్టున్నా, బూడిద రంగు తిరిగినా, అంచుల్లో ఆవిరి లేస్తున్నా దాని పైనుంచి పోకూడదు. గైడ్ కర్రతో పొడిచి చూసి గుంపును చుట్టు తిప్పుతాడు. కట్టె చెప్పదు ఇది.

దెగ్లూర్_వదిన (దెగ్లూర్)
రెండో రోజు తర్వాత వాగులు కూడా ఉన్నాయి. ఎమ్‌స్ట్రుర్ దారిలో బ్లాఫ్యాల్లక్విస్ల్, చివరి రోజు థ్రోంగా. వంతెన ఉండదు, నీళ్లలో దిగాల్సిందే.

ప్రాణహిత_గట్టు
వాగులు మాకు చెప్తున్నరా వదినా! ఎనక పట్టీ ఉన్న శాండల్ ఏస్కుంటే చాలు. ప్రాణహిత ఒడ్డున పుట్టినోళ్లం.

ధర్మాబాద్_మిర్చి
ప్రాణహితలో మే నెల నీళ్లు గోరువెచ్చన. అవి అప్పుడే కరిగిన మంచు నీళ్లు. నిమిషంలో పాదం మొద్దుబారుతుంది, ఏ రాయి మీద వేశామో తెలియదు. శాండల్‌లో గులకరాయి దూరితే నడి వాగులో వంగి తీస్తావా?

ప్రాణహిత_గట్టు
మరి బూట్లతో దిగుతవా? తడి బూట్లతో ఇంక పది కిలోమీటర్లు నడిస్తే మడిమెల తోలు ఊడొస్తది.

ధర్మాబాద్_మిర్చి
బూట్లతో దిగమని నేనెక్కడన్నాను? మూసి ఉన్న నీటి బూట్లు అన్నాను.

ప్రాణహిత_గట్టు
ఎక్కడన్నవ్? పైన చూడు, లేదు.

దెగ్లూర్_వదిన
చెప్పుల పంచాయితీ ఆపండి ఇద్దరూ. వేళ్లు కప్పే పాత స్పోర్ట్స్ షూ, లోపల నియోప్రిన్ సాక్సు (తడిసినా వెచ్చగా ఉండే రబ్బరు లాంటి సాక్సు). నడిచే బూట్లు లేసులతో ముడేసి బ్యాగుకు కట్టాలి.

వాగు దాటే పద్ధతి తెలుసుకోండి. హిమానీనదం నుంచి వచ్చే వాగు పొద్దున తక్కువ, ఎండ ఎక్కి మంచు కరిగాక మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ. వీలైతే పొద్దున్నే దాటండి. ఇరుకుగా, నున్నగా, నిశ్శబ్దంగా పారే చోటు లోతు. పాయలుగా చీలి వెడల్పై గలగలమనే చోటు మేలు. బ్యాగు నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయాలి, పడితే బ్యాగు వదిలేసి లేవాలి కదా. ముఖం నీళ్లు వచ్చే వైపుకు పెట్టి, కర్రలు ముందు ఆనించి, అడ్డంగా, కొంచెం కిందికి ఏటవాలుగా కదలాలి. ఒక్కసారికి ఒక్క కాలే లేవాలి. ముగ్గురు భుజాలు పట్టుకుని దాటితే పిల్లవాణ్ణి మధ్యలో పెట్టండి. నీళ్లు తొడ దాటితే ఆ చోటు కాదు, ఇంకో చోటు. నీళ్లు బూడిద రంగులో ఉంటే అడుగు కనబడదు. రాయి వేసి వినండి. టపుక్కుమంటే లోతు తక్కువ, బుడుంగుమంటే లోతు.

బిలోలి_బాపు (బిలోలి)
ఏ కంపెనీకీ ముందే పైసలు కట్టొద్దు. ఒక కంపెనీ వాన పేరు చెప్పి మా మంచు నడక రద్దు చేసింది, పైసలు తిరిగి రాలేదు. అందుకే గైడ్లంటే నాకు నమ్మకం లేదు.

చాందా_సైకిల్
బాపూ, రద్దు చేసి మిమ్మల్ని బతికించినందుకా కోపం?

కిన్వట్_కాకా (కిన్వట్)
లావా చూడటానికి అంత దూరమెందుకు? నాందేడ్ చుట్టుపక్కల బావి తవ్వితే అదే నల్లరాయి. దక్కన్ మీద లావా పారి ఆరున్నర కోట్ల ఏండ్లయింది, దాని మీదే మన పత్తి పండుతుంది.

దెగ్లూర్_వదిన
నల్లరాయి అక్కడా ఉంది కాకా, ఎమ్‌స్ట్రుర్ దారంతా నల్ల ఇసుకే. గాలి లేస్తే కళ్లల్లో కొడుతుంది, కళ్లద్దాలు పెట్టుకోవాలి. కానీ లాండ్‌మన్నలౌగర్ కొండలు పసుపు, గులాబీ, ఆకుపచ్చ రంగులు. అది మన రాయి కాదు, సిలికా ఎక్కువున్న రయోలైట్. దాని పక్కనే నల్లగాజు రాయి మెరుస్తూ పడి ఉంటుంది. ఏరి జేబులో వేసుకోవద్దు, అది రక్షిత ప్రాంతం.

ధర్మాబాద్_మిర్చి
రాళ్ల సంగతి తర్వాత చూద్దాం. గట్టన్నా, 14 ఏళ్ల పిల్లవాణ్ణి గైడ్ లేకుండా పొమ్మని సలహా ఇచ్చి నువ్వు సిరొంచలో హాయిగా పడుకుంటావు. ఏమన్నా అయితే జవాబు నువ్వు చెప్తావా?

ప్రాణహిత_గట్టు
మరి నువ్వు చెప్తవా? 2024 ఆగస్టు 25 నాడు బ్రైదమెర్కుర్‌యోకుల్ హిమానీనదంల మంచు గుహ దగ్గర ఏమైంది? మంచు కూలి ఒకరు పోయిన్రు, ఒకామెకు పెద్ద దెబ్బలు. అది గైడ్లతోటి పోయిన గుంపే కదా! నడి ఎండాకాలంల, మంచు లోపల నీళ్లు పారే టైంల, గుహకు తీస్కపోయిన్రు. పైసలు కట్టినోళ్లు అడగలే, పైసలు తీస్కున్నోళ్లు ఆపలే. ఇంకోటి చెప్తా విను. ఇంకా ఇద్దరు మంచు కింద ఉన్నరని రెస్క్యూ వాళ్లు మరునాటి దాకా మంచు తవ్విన్రు. ఎవరూ లేరు! గుంపుల 25 మంది అనుకున్నరు, ఉన్నది 23. గుంపు లెక్కే సరిగ రాసుకోలే. గిదా నీ గైడ్ గొప్పతనం?

ధర్మాబాద్_మిర్చి
గుహల గురించి నీతో వాదించను. ఎండాకాలంలో సహజమైన మంచు గుహలోకి ఎవరు పిలిచినా పోవద్దు, గైడ్ పిలిచినా సరే. ఆ ఘటన తర్వాత ఆ గుహ ఉన్న జాతీయ పార్కులో గుహ యాత్రలు కొన్నాళ్లు ఆపేశారు కూడా. కానీ అది కంపెనీ తప్పు. ఒక డ్రైవర్ బోల్తా కొట్టించాడని బస్సులే వద్దంటావా?

ప్రాణహిత_గట్టు
బస్సు వద్దంటలేను. టికెట్ కొనంగనే కళ్లు మూసుకోవద్దంటున్న. గైడ్ ఉన్నడని మనోళ్లు మ్యాప్ చూడరు, తలకాయలు లెక్కపెట్టరు, నీళ్లెంత ఉన్నయో అడగరు. గదీ నా బాధ. సొంతంగ పోయినోడు రాత్రి కూసోని రేపటి గాలి లెక్క సూస్తడు.

ధర్మాబాద్_మిర్చి
ఇప్పుడొచ్చావు అసలు మాటకు. నువ్వు చెప్పినట్టు కూర్చుని చూశారనుకో. రేపు గాలి ఎక్కువ, ఆగుదాం అని వార్డెన్ అన్నాడు. వార్డెన్ చెప్పగలడంతే, చెయ్యి పట్టుకుని ఆపడు. ఆగితే బస్సు పోతుంది, తర్వాతి హట్‌లో మంచాలు పోతాయి. అప్పుడు 61 ఏళ్ల మేనమామ "ఏం కాదు, పదండి" అన్నారు. తొమ్మిది మందిలో ఎవడు నోరు తెరుస్తాడు? మన ఇండ్లల్లో మేనమామకు ఎదురు చెప్పిన అల్లుడు ఎక్కడున్నాడు? దారి కట్టెలు చూపిస్తాయి, ఒప్పుకుంటాను. మామకు "వద్దు" అని చెప్పే పరాయి మనిషి కావాలి. ఆ ఒక్క మాటకే గైడ్‌కు డబ్బు.

ప్రాణహిత_గట్టు
పైసలు కట్టిన మామ గైడ్ మాట వింటడా? గైడ్ అంటే మన దగ్గర కూలోడి లెక్క. "మేం పైసలు కట్టినం, నువ్వు నడువ్" అంటరు.

ధర్మాబాద్_మిర్చి
అక్కడ అనలేరు. గైడ్ వెనక్కి తిరిగితే గుంపు తిరగాల్సిందే.

బల్లార్షా_బండి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ముందే చెప్పాల్సింది. ఖర్చులో సగం పైన మామే పెడుతున్నారు. గైడ్ వద్దన్నది కూడా ఆయనే.

చాందా_సైకిల్
అయిపాయె.

ప్రాణహిత_గట్టు
గా ముచ్చట మొదలు చెప్తే నేను ఇంత రాద్దునా తమ్మీ! అయినా నా మాట నాదే. గైడ్ ఉన్నా లేకున్నా బయల్దేరే ముందు కాయితం మీద రాసుకోండ్రి: రోజూ ఎన్నింటికి బయల్దేరుడు, ఎన్నింటి దాకా సగం దారి రాకుంటే ఎనక్కి తిరుగుడు, గాలి ఎంతుంటే ఆగుడు. జులైల అక్కడ రాత్రి చీకటి పడదు, "ఇంకా ఎలుగున్నది గదా" అని సాయంత్రం బయల్దేరేటోళ్లే వాగుల పడుతరు. కాయితం మీద మామ సంతకం తీస్కోండ్రి. మీ నడక ప్లాన్ అక్కడి సేఫ్‌ట్రావెల్ సైట్ల నమోదు చేయుండ్రి. ఆపదల 112. వచ్చేది స్వచ్ఛంద దళం, పనులు ఇడిచిపెట్టి వస్తరు, ఊరికే పిలవద్దు.

బల్లార్షా_బండి
మంచు నడకకు పిల్లవాడి బూట్లు సరిపోతాయా? మడమ పైకి వచ్చే ట్రెకింగ్ బూట్లే, మెత్తగా ఉన్నాయి.

దెగ్లూర్_వదిన
బూటు ముని వేళ్లు, మడమ పట్టుకుని రెండు చేతులతో వంచి చూడు. పుస్తకంలా మడత పడితే వద్దు. అడుగు వంగినప్పుడల్లా క్రాంపాన్ (మంచు మీద జారకుండా బూటు కింద కట్టే ఇనుప పళ్లు) పట్టీ సడలుతుంది, వాలులో జారి ఊడుతుంది. గట్టి అడుగున్న బూట్లు అక్కడ అద్దెకు దొరుకుతాయి. క్రాంపాన్, హెల్మెట్, మంచు గొడ్డలి కంపెనీ వాళ్లే ఇస్తారు. పట్టీల కొక్కెం కాలి బయటి వైపుకే రావాలి, లోపలికుంటే రెండో కాలి పళ్లకు తగులుకుని బోర్లా పడతాడు. మిగిలిన పట్టీ కొస లోపలికి దోపాలి. పది నిమిషాలు నడిచాక మళ్లీ బిగించాలి, మొదట్లో ఎంత బిగించినా సడలుతుంది.

పళ్లన్నీ ఒకేసారి మంచులో దిగేలా పాదం చదునుగా వేయాలి, కాళ్లు ఎడంగా పెట్టాలి. చేతి తొడుగులు ఎండ కాసినా తీయొద్దు, పడితే ఆ మంచు గరుకు కాగితంలా అరచేయి గీసేస్తుంది. సోల్‌హైమయోకుల్ మీద నల్లటి బూడిద కుప్పలు కనిపిస్తాయి, మట్టి దిబ్బలనుకుని ఎక్కొద్దు. బూడిద పలచగా ఉన్నచోట మంచు తొందరగా కరుగుతుంది, మందంగా ఉన్నచోట కప్పు పడి కరగదు. అలా లేచిన దిబ్బ అది, లోపలంతా మంచే. నెర్రెలు కూడా మన రేగడి నెర్రెల్లా ఎప్పుడూ నోరు తెరిచి ఉండవు. పాత మంచు పైన కప్పి ఉండొచ్చు. గైడ్ అడుగులో అడుగు వేయమను.

బల్లార్షా_బండి
మామకు ఈ చర్చంతా చదివి వినిపించాను. మొత్తం విని ఒకటే అడిగారు: "గొడుగు ఎందుకు వద్దంట?"

ధర్మాబాద్_మిర్చి
తమ్మీ, గైడ్‌ను పెట్టుకో.

ప్రాణహిత_గట్టు
పెట్టుకో తమ్మీ.