ఇంటర్ హాస్టళ్లలో ఆత్మహత్య ప్రమాదం కనిపెట్టే ఫారం తప్పనిసరి చేయాలా?

తెనాలి_లెక్చరర్: మా హాస్టల్లో ఈ ఏడాది పిల్లలందరిచేతా పీహెచ్‌క్యూ-9 ఫారం నింపించాలని నా ప్రతిపాదన. తొమ్మిదే ప్రశ్నలు, పైసా ఖర్చు లేదు. గత రెండు వారాల్లో చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపించిందా అని తొమ్మిదో ప్రశ్న సూటిగా అడుగుతుంది. లేనిపోని ఆలోచన మనమే పిల్లల బుర్రలో పెడతామని స్టాఫ్‌రూంలో గొడవ. మీరేమంటారు?

లెక్కల_రాజు: ఆ భయం అక్కర్లేదు. గౌల్డ్ బృందం న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూలు పిల్లల్ని అడిగి చూసింది (2005). అడిగినందువల్ల ఆలోచనలు పెరగలేదు. నా అభ్యంతరం వేరు. ఇది డిప్రెషన్ తీవ్రత కొలిచే ఫారం, ఎవరు ప్రాణం తీసుకుంటారో చెప్పేది కాదు. పోకార్నీ 1983లో ప్రచురించిన పరిశోధన చూడండి. హ్యూస్టన్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి, 4,800 మంది మానసిక రోగులు, 67 ఆత్మహత్యలు. ఎన్ని కొలమానాలు కలిపినా దొరికింది వాళ్లలో సగం మందే. ఆ సగం కోసం వెయ్యిమందికి పైగా మనుషుల మీద అనవసరంగా 'ప్రమాదం' ముద్ర పడింది.

తెనాలి_లెక్చరర్: అమెరికా సైనికులకీ, మా పదహారేళ్ల పిల్లలకీ పోలికేంటండీ?

లెక్కల_రాజు: పోలిక మనుషులతో కాదు, లెక్కతో. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ 2022 లెక్క ప్రకారం దేశంలో లక్షకు 12.4 ఆత్మహత్యలు. అంటే పదివేల మందిలో ఒకరిద్దరి కోసం వెతుకుతున్నాం. 90 శాతం కచ్చితమైన ఫారం కూడా వెయ్యిమందిని తప్పుగా పట్టుకుంటుంది. యాభై ఏళ్లలో వచ్చిన 365 అధ్యయనాల్ని ఫ్రాంక్లిన్ బృందం 2017లో కలిపి చూస్తే, మన అంచనాలు బొమ్మాబొరుసు కంటే కాస్తే నయమని తేలింది. తమకు తాము హాని చేసుకుని వచ్చినవాళ్ల విషయంలో ఇలాంటి స్కేళ్లతో జోస్యం చెప్పొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే సంస్థ 'నైస్' 2022లో రాసేసింది.

తెనాలి_లెక్చరర్: అదే తొమ్మిదో ప్రశ్నకి 'దాదాపు ప్రతిరోజూ' అన్నవాళ్లలో మరణాలు చాలా రెట్లు ఎక్కువని 2013లో సైమన్ బృందం చూపించింది. అది మీకు కనబడదా?

లెక్కల_రాజు: కనబడింది. 'అస్సలు లేదు' అన్నవాళ్లలోనూ పోయినవాళ్లున్నారు. అదీ చదవండి.

పక్కింటి_అబ్బాయి: పైన రోల్ నంబరు రాయించుకుని, కింద నిజం రాయమంటే ఎవడు రాస్తాడు సార్?

భద్రాద్రి_అక్క: మా తమ్ముడు రాశాడు. ఇలాంటి ఫారంలోనే 'కొన్ని రోజులు' అని టిక్కు పెట్టాడు. మర్నాడు నాన్నకి ఫోన్: 'మీవాణ్ని తీసుకెళ్లండి, మాది బాధ్యత కాదు.' నాన్న వెళ్లేసరికి ట్రంకుపెట్టె, బకెట్టు, చుట్టిన పరుపు గేటు పక్కన పెట్టేశారు. సంతకం పెట్టించుకునే పంపారు. ఏమైందిరా అని వాణ్ని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు డాక్టరు దగ్గరా నోరు విప్పడు.

తెనాలి_లెక్చరర్: బాధాకరమే. కానీ అది ఆ కాలేజీ తప్పమ్మా, ఫారం తప్పు కాదు.

లెక్కల_రాజు: నేను మొదట్నుంచీ చెప్తున్నదీ ఇదే.

భద్రాద్రి_అక్క: మీరు చెప్తున్నది ఇది కాదు. మీరు పొద్దున్నుంచీ శాతాలు చెప్తున్నారు.

తెనాలి_లెక్చరర్: బయట కూర్చుని మాట్లాడటం తేలికండీ. పోయినేడాది మా పక్క బ్లాకులో ఒక కుర్రాడు పోయాడు. వచ్చిన ప్రతివాళ్లూ మా కాలరు పట్టుకుని అడిగింది ఒకటే, ముందే ఎందుకు కనిపెట్టలేదని. కనీసం అడిగామని చూపించడానికి మా దగ్గర కాగితం ముక్క లేదు.

లెక్కల_రాజు: అదీ సంగతి! ఫారం పిల్లాడి కోసం కాదు, ఫైలు కోసం.

తెనాలి_లెక్చరర్: రెండిటికోసమూ. నా ఉద్యోగం మీరు చేయండి, తెలుస్తుంది.

మోడరేటర్: వ్యక్తిగత దాడులు వద్దు. చదువుతున్నవాళ్లలో ఎవరికైనా మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఏరియా_సిస్టర్: మా ఆసుపత్రికి సైకియాట్రిస్టు వారానికొక్కసారి వస్తారు. ఫారంలో వందమంది తేలితే ఎవరు మాట్లాడతారు సార్? మనసు ఎప్పుడు చెడుతుంది, అప్పుడు ఎవరికి ఫోన్ చేస్తావు అని పక్కన కూర్చుని రాయించే సేఫ్టీ ప్లాన్ ఉంది. అది రాయించి, తర్వాత ఫోన్ చేస్తూ ఉంటే ఆరునెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన దాదాపు సగానికి తగ్గిందని స్టాన్లీ, బ్రౌన్ 2018లో చూపించారు. అమెరికాలో, మాజీ సైనికుల ఎమర్జెన్సీ వార్డుల్లో.

తెనాలి_లెక్చరర్: మళ్లీ సైనికులేనా!

భద్రాద్రి_అక్క: సార్, 'అవును' అని రాసిన పిల్లాడు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడు? ఇది చెప్పండి చాలు.

తెనాలి_లెక్చరర్: హాస్టల్లోనే ఉండాలని నా ఉద్దేశం. యాజమాన్యం మాట నేనివ్వలేను.

భద్రాద్రి_అక్క: ముందు అది వాళ్లచేత రాయించుకు రండి.