సమస్య: చెఱకు గడయె నోట చేదు నింపె

ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం (ముందటి మూడు పాదాలూ కట్టి పద్యం పూర్తి చేయడమే పూరణ): చెఱకు/గడయె/నోట/చేదు/నింపె, ఐదూ సూర్యగణాలు (మూడు లఘువులు, లేదా గురువు తర్వాత లఘువు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) చె–చే. విషయం మారిషస్ చెఱకు తోటలకు వెళ్ళిన తెలుగు కుటుంబాలు. మధుమేహం మీద పూరణలు వద్దు, విషయం దారి తప్పుతుంది.

పూరణ 1

ఐదు రూక లనగ నాశతో నోడెక్కి
కడలి దాటి దిగిన గట్టు మీద
నాగ పెట్ట గూలి నష్టమ్ము రెట్టింపు
చెఱకు గడయె నోట చేదు నింపె

విమర్శ: నెలకు ఐదు రూపాయలు, ఐదేళ్ళ ఒప్పందం, ఒక రోజు మానితే రెండు రోజుల కూలి కోత. చరిత్రలోని లెక్కనే చేదుకు కారణం చేశారు, చాలా బాగుంది. ఐ–ఆ యతి సరే. లోపం ‘నాగ’ దగ్గరుంది. వాడుకలో ‘నాగా’, గణం కోసం కుదిస్తే పాము స్ఫురిస్తుంది.
సవరణ: ‘పూట మాన గూలి పోయె రెండింతలు’. యతి పూ–పో. పూట అంటే సగం రోజే కదా అనవచ్చు, కానీ ‘పూట పని మానితే’ అన్న పలుకుబడి ఉంది.

పూరణ 2

మారిషస్సునందు మామ్మ యుగాదికి
వేపపూవు చెఱకు వేసి కలుప
నూరి పేరు నడుగ నుత్తరమ్మే లేదు
చెఱకు గడయె నోట చేదు నింపె

విమర్శ: ఈ సారి వచ్చినవాటిలో ఇదే మేలు. పచ్చడిలో వేపపూవు తగిలిన చెఱకు ముక్క నిజంగానే చేదు. ఊరి పేరు తెలియని చేదు దాని వెనుక ఉంది. ‘ఉత్తరం’లో జవాబు, జాబు రెండూ పలికాయి. అయితే జవాబు బొత్తిగా లేదనలేం. వలస కూలీల రిజిస్టర్లు మారిషస్‌లో మోకా అనే ఊళ్ళోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఒక సంఖ్య ఇచ్చి, దాని కింద పేరు, ఊరు రాసుకున్నారు. వింటూ రాసిన ఊళ్ళ పేర్లు చాలాచోట్ల పోల్చలేనంతగా మారాయి. అందుకే ‘నూరి పేరు నడుగ నున్నదో సంఖ్యయే’ అంటే ఇంకా గుచ్చుకుంటుంది. గణాలు, యతి చెడవు.

పూరణ 3

కోరంగి రేవు వీడి కూలివారు
పసిడి తోట లనుచు బయలుదేరి
రాళ్ళు తిరుగ వేసి రక్తమ్ము చిందించ
చెఱకు గడయె నోట చేదు నింపె

విమర్శ: రాళ్ళ కింద బంగారం దొరుకుతుందని మేస్త్రీలు నమ్మించారన్నది అక్కడి కుటుంబాల్లో తరతరాల మాట. భావం గొప్పది, నడక కుంటింది.

మొదటి పాదం గణాలకు లొంగలేదు. ‘కోరంగి’ తగణం (రెండు గురువులు, ఒక లఘువు), సూర్యగణం చోట ఇమడదు. దాన్ని బేసి పాదంలో నాలుగో గణానికి (అక్కడ ఇంద్రగణం కాబట్టి తగణం చెల్లుతుంది) జరిపి, కు, కూ, కొ, కో, గు, గూ, గొ, గో లలో ఒకదానితో పాదం ఎత్తుకోవాలి: ‘కూలివారు వీడి కోరంగి రేవును’. మారిషస్‌లో తెలుగువాళ్ళకు ‘కొరింగీలు’ అన్న పేరు తెచ్చిన రేవు కాబట్టి ఆ మాటను వదులుకోవద్దు.

రెండో దోషం కంటికి ఆనదు. ‘చిందించన్’ ద్రుతాంతం (చివర ‘న్’ ఉన్న మాట), దాని తర్వాత ‘చెఱకు’ ‘జెఱకు’ అయిపోతుంది. ఇచ్చిన పాదంలో అక్షరం మారకూడదు. మూడో పాదాన్ని కళతో (చివర ‘న్’ లేని మాటతో) ముగించాలి: ‘రక్తమ్ము నోడ్చిరి’.

ఇంకా రాసేవారికి: ‘మారిషస్సు’, ‘పోర్టు లూయి’ రెండేసి హగణాలు (గురువు, లఘువు), ఎక్కడైనా ఒదుగుతాయి. ‘నెటాలు’ (తెలుగు కూలీలు వెళ్ళిన దక్షిణాఫ్రికా ప్రాంతం) జగణం (లఘువు, గురువు, లఘువు), ‘నె’ను ముందు గణానికి చివరి లఘువుగా ఇచ్చి ‘టాలు’తో తర్వాతి గణం మొదలుపెట్టండి. 1834 నవంబరు 2న కూలీలు పోర్ట్ లూయీలో దిగిన రేవు, అక్కడి 16 మెట్లు ఇంకా ఎవరూ అందుకోలేదు.