సమస్య: "పొడిచి పొడిచి కోడి పొత్తు గలిపె"

నిర్వాహకుడు (తిరుపతి):
చంద్రగిరిలో మా అక్కగారి పెరట్లో ఎనిమిది పాత పెట్టల మధ్యకు రెండు కొత్తవి వదిలారు. మొదటి రోజు అరగంట సేపు ముక్కులు, ఎగిరే ఈకలు తప్ప నాకేమీ కనబడలేదు. వారం తర్వాత వెళితే పదీ ఒకే తవుడు పళ్లెం చుట్టూ ఉన్నాయి. దారిలోనే ఈ పాదం వచ్చింది. దీన్నే చివరి పాదంగా పెట్టి ఆటవెలది పూరించండి.

పాకాల పద్యప్రియ:
కొత్త పెట్ట వచ్చి గూటిలో నిలువంగ
పాత పెట్ట లేచి పట్టె జుట్టు
వరుస తేలినంత వైరమ్ము చల్లాఱె
పొడిచి పొడిచి కోడి పొత్తు గలిపె

పలమనేరు పెరటిల్లు:
పద్యప్రియ గారూ, ఆ "వరుస" ఒక్క మాటకే నా నమస్కారం. కోళ్లలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది వరుసే. మన పల్లెల్లో కొత్తవాడు అరుగు మీద కూర్చోగానే "నాకు ఏమవుతావు నాయనా?" అని అడిగి, మామా అనో బావా అనో కలుపుకునేదీ వరుసే. అది తేలేదాకా ఇద్దరికీ స్థిమితం ఉండదు. ఈ పొడుచుకునే వరుసను 1920ల ఆరంభంలో నార్వేకు చెందిన షెల్డెరప్ ఎబ్బే కోళ్లను గమనించి శాస్త్రంగా రాశాడు. మన భాషలో దానికి మాట ముందే ఉంది.

స్వర్ణముఖి (శ్రీకాళహస్తి):
అందరూ ముక్కుతోనే పొడిపిస్తారని తెలిసి దారి మార్చాను.

తెగులు సోకకుండఁ దెచ్చిన మందును
పశులవైద్యుఁ డొకఁడు పదిలపఱచి
సూదితోడ రెక్క చోటున దయఁజూపి
పొడిచి పొడిచి కోడిపొత్తు గలిపె

నిర్వాహకుడు:
ఇది విరుపు! పొడిచింది కోడి కాదు, వైద్యుడు. 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న మా తిరుపతిలో ఈ పూరణ రాకపోతే లోటే. "పదిలపఱచి" అన్నది కూడా పాదం నింపడానికి వచ్చిన మాట కాదు; టీకామందును మంచులో పెట్టి తేకపోతే పనిచేయదు.

పలమనేరు పెరటిల్లు:
విరుపు బాగుంది, కానీ నాకొక అభ్యంతరం. పొడిచిన వెంటనే కలిపినట్టుంది. కోళ్లను చంపే కొక్కెర తెగులుకు పిల్లప్పుడు కంట్లో చుక్క వేస్తారు, ఎనిమిదో వారం ప్రాంతంలో సూది. ఆ బలం ఒంటికి పట్టడానికి రెండు మూడు వారాలు కావాలి. సంతలో కొన్న పెట్టను ఎలాగూ మూడు నాలుగు వారాలు వేరే గూట్లో, వేరే నీళ్ల తొట్టితో ఉంచాలి. ఒకసారి తొందరపడి నాలుగో రోజే కలిపాను. ఆరు పెట్టలు పోయాయి. గంప ఎత్తి చూసిన ఆ పొద్దు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అందుకే పద్యంలోనైనా ఆ ఎడం కనిపించాలని అడుగుతున్నాను.

పుత్తూరు బాటసారి:
ఆ ఎడం నా పద్యంలో ఉంది.

వలకు నవ్వలుంచి వారముల్ గడపంగ
రాత్రివేళఁ జేర్చి రమణీయముగను
నాఁటినాఁటికిట్లు నవ్వుచుఁ దొలిపొద్దు
పొడిచి పొడిచి కోడి పొత్తు గలిపె

నిర్వాహకుడు:
పొద్దు పొడిచిందా! రోజూ పొద్దు పొడుస్తూ పొడుస్తూ కోళ్లను కలిపింది. ఒక్క ముక్కుపోటు లేదు. భేష్.

స్వర్ణముఖి:
ఊహకు నూటికి నూరు. కానీ రెండో పాదం నాలుగో గణం చూడండి: "రమణీ". ఆటవెలదిలో అక్కడ గలమో నగణమో ఉండాలి గాని, రెండు లఘువుల మీద గురువుతో సగణం ఎలా వచ్చింది? పైగా "చేర్చి" అంటే చేర్చినది కూడా పొద్దే అవుతుంది. రాత్రి కోడిని గూట్లో పెట్టింది సూర్యుడా? మునుపటి సమస్య "ఎండ కాసి చెరువు నిండిపోయె" పూరణలోనూ బాటసారి గారు ఇలాగే ఊహ వెంట పరుగెత్తి మాటను వదిలేశారు. మంచు కరిగిందన్నారు, సంతోషం. హిమాలయాల మీద చెరువు తవ్వింది ఎవరు?

పుత్తూరు బాటసారి:
ఆ సమస్యలోనే "ఎండ, నిండి" అని ప్రాసయతి (యతి అక్షరానికి బదులు రెండో అక్షరాల ప్రాస) ఉండగా యతి తప్పిందని రాసి, మూడు రోజుల తర్వాత దిద్దుకున్నది మీరే. అయినా ఈసారి మీ రెండు మాటలూ నిజం. సవరణ:

రాత్రి గూటఁ జేర్చ రగడ లేక

పలమనేరు పెరటిల్లు:
"చేర్చ" అనగానే చేసినవాడు వేరని తెలిసింది, గణమూ కుదిరింది. "రగడ లేక" అన్నది నేను చూసినదే. చీకట్లో కోడికి చూపు ఆనదు. వాసం మీద పాత పెట్టల పక్కన కొత్తదాన్ని మెల్లగా కూర్చోబెడితే కాస్త కదిలి, ఒరిగి, మళ్లీ ముడుచుకుంటాయి. తెల్లారేసరికి వాసనా వేడీ అలవాటై ఉంటాయి. అయినా పొద్దున కొంత పొడుచుకుంటాయి. మేత రెండు చోట్ల పెట్టి, తోటకూర కట్ట ఒకటి వేలాడదీస్తే ధ్యాస మళ్లుతుంది. నెత్తురు కనబడితే మాత్రం దాన్ని వెంటనే విడదీయాలి. ఎరుపు చూస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. ఒంటరిగా ఒక్కదాన్ని తేకండి, జంటగా తెస్తే పోట్లు పంచుకుంటాయి.

పాకాల పద్యప్రియ:
"పోట్లు పంచుకుంటాయి" అన్నది ఎవరూ పద్యంలో పెట్టలేదే! రేపటికి ఇంకొకటి రాస్తాను.

స్వర్ణముఖి:
బాటసారి గారి సవరించిన పద్యమే ఈ వారం మేటి. నా ఓటు దానికే. చెరువు సంగతి మాత్రం ఒప్పుకోను.