అంపశయ్య తర్వాత ఏ నవల? ఆరు కాపీలు దొరకాలి

మేం ఆరుగురం నెలకో నవల చదివి కలిసి మాట్లాడుకుంటాం. ఈసారి నవీన్ గారి 'అంపశయ్య' (1969) అయింది. ఉస్మానియా క్యాంపస్‌లో ఒక్క రోజు, ఒక్క కుర్రాడి బుర్రలో తిరిగేదంతా. అందరికీ తెగ నచ్చింది. అదే చైతన్య స్రవంతి పద్ధతిలో, అంటే పాత్ర మనసులో ఆలోచనలు పారినట్టే కథ సాగేది, ఇంకోటి కావాలి.

'చివరకు మిగిలేది', 'అసమర్థుని జీవయాత్ర', 'అల్పజీవి' చదివేశాం, దయచేసి మళ్లీ అవే చెప్పకండి. కథల సంపుటాలు వద్దు, తలా ఒక కథ చదివొచ్చి చర్చ ఎటో పోతోంది. వారపత్రిక సీరియళ్లూ వద్దు, ప్రతి వారం చివర పెట్టిన కొసమెరుపే కథను నడిపిస్తుంది, మనసు లోపలి గోల వినపడదు.

కోఠి షాపుల్లో అడిగితే ఒకటో రెండో కాపీలు, మిగతావి 'ప్రింట్‌లో లేదండీ'. ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికినవి వేర్వేరు ముద్రణలు. ఒకరు 84వ పేజీ అంటే ఇంకొకరికి అది 97లో ఉంటుంది, వెతుక్కోవడానికే సగం టైమ్ పోతోంది. నెట్‌లోని పాత స్కాన్లు పేజీకి ఫొటో తీసినట్టుంటాయి. ఫోన్‌లో అక్షరం పెద్దది చేస్తే లైను తెర దాటిపోతుంది, ప్రతి లైనుకీ పక్కకి జరుపుకోవాలి. మెట్రోలో నిలబడి ఒంటి చేత్తో అది అయ్యే పని కాదు.

1990 తర్వాత వచ్చింది, 250 పేజీల లోపు, వీలైతే హైదరాబాద్ నేపథ్యం. అనువాదమైనా ఫర్వాలేదు, తెలుగు సాఫీగా ఉంటే చాలు.

ఒకే ముద్రణవి ఆరు కాపీలు ఇప్పుడు కొనగలిగే అలాంటి నవల మీకు తెలిసింది ఏది?