పాత డీజిల్ కారుకు 46,000 రూపాయల మరమ్మతు చేయించడం తగునా?

మేము ఒడిశాలోని కొరాపుట్‌లో ఉంటాం. మాది 2012 మే నెలలో రిజిస్టరైన డీజిల్ కారు. ఇప్పటికి 1,48,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా సాలూరు నుంచి సుంకి ఘాట్ (కొండ దారి) ఎక్కేటప్పుడు మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతోందే గాని బండి వేగం పెరగడం లేదు, పైగా మలుపుల దగ్గర కాలిన వాసన లోపలికి వస్తోంది. మెకానిక్ చేత క్లచ్ కేబుల్ రెండుసార్లు సరిచేయించినా మార్పు లేదు. హ్యాండ్‌బ్రేక్ వేసి, నాలుగో గేరులో నెమ్మదిగా క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగిపోవాలి. మా బండిది తిరుగుతూనే ఉంది, కాబట్టి క్లచ్ ప్లేటు అరిగిందనడంలో నాకు సందేహం లేదు.

అయితే వర్క్‌షాప్ వారు క్లచ్ సెట్టుకు 14,000, ఫ్లైవీల్‌కు (క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రం) 12,000, స్టీరింగ్ ర్యాక్‌కూ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను మళ్లించే భాగం) లోయర్ ఆర్మ్‌లకూ (ముందు చక్రాలను బండి అడుగుభాగానికి కలిపే భాగాలు) 20,000 అని రాసిచ్చారు. స్టీరింగ్‌లో శబ్దం గాని, వదులు గాని నాకు తెలియడం లేదు, ముందు టైర్లు సమంగానే అరుగుతున్నాయి. ర్యాక్ చివర రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు మీద మట్టి పేరుకుని ఉండడం మాత్రం కింద పడుకుని కళ్లారా చూశాను. అమ్మితే 1,20,000కు మించి రాదంటున్నారు, 2027 మేలో రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల గడువు ముగిసి ఫిట్‌నెస్ పరీక్షకూ వెళ్లాలి. నాన్నగారిని ఈ బండిలోనే ఘాట్ దించి ఆసుపత్రికి తీసుకెళ్తాను గనుక స్టీరింగ్ విషయంలో తెగించలేకపోతున్నాను.

ఈ స్థితిలో ప్రస్తుతానికి క్లచ్ సెట్టు, ఆ రబ్బరు తొడుగు మాత్రమే మార్పించి, మిగతా పనులు ఫిట్‌నెస్ పరీక్ష దాకా ఆపడం ఘాట్ ప్రయాణానికి క్షేమమేనా?