కత్తి మింగడం నిజమా, లేక పిడిలోకి మడుచుకుపోయే కత్తా?

పాలకొల్లు_కిరణ్
రెండు రోజులుగా మా ఇంట్లో ఇదే వాదన. నాన్న చిన్నప్పుడు తీర్థంలో ఒకాయన మూరెడు కత్తిని పిడి దాకా మింగేశాడట. నేనేమో అది స్ప్రింగ్ కత్తి, పిడిలోకి మడుచుకుపోతుంది అన్నాను. "ముందు నా చేతికిచ్చి చూపించాడురా, ఇనుము కాదా అది?" అని నాన్నకు గట్టిగానే కోపం వచ్చింది. దగ్గర్నుంచి చూసినవాళ్ళు, డాక్టర్ చదువు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

మేజిక్_మధు
కిరణ్, పిడిలోకి జారిపోయే కత్తులు ఉన్నమాట నిజమే. నాటకాల్లో, స్టేజీ మేజిక్‌లో వాడతారు. కానీ అలాంటి కత్తిని ముందే జనం చేతికిచ్చి చూపించరు, పట్టుకుంటే తెలిసిపోతుంది కదా. మింగేవాళ్ళలో కొందరు ముందుగా లోపల ఒక గొట్టం దించుకుని, అందులోకి కత్తి దించేవాళ్ళు. అది కొంచెం తేలిక పద్ధతి. అదీ లేకుండా నేరుగా దించుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళది కనికట్టు కాదు, ఒళ్ళు వంచి చేసిన సాధన.

సిరి_స్టాఫ్‌నర్స్
నేను 11 ఏళ్ళుగా ఎండోస్కోపీ (నోట్లోంచి గొట్టం దించి కడుపు లోపల చూసే పరీక్ష) రూమ్‌లో పనిచేస్తున్నాను. మీ నాన్నగారు చెప్పింది నిజమేనండీ. కత్తి అసలు లోపలికి ఎలా దిగుతుందో నాకు తెలిసినంత వరకు చెప్తాను.

మామూలుగా నోరు, గొంతు ఒక మూలమట్టంలా ఉంటాయి. తలను బాగా వెనక్కి వాలిస్తే నోరు, గొంతు, అన్నవాహిక దాదాపు ఒకే గీతలోకి వస్తాయి. పళ్ళ దగ్గర్నుంచి జీర్ణాశయం మొదలు దాకా సుమారు 40 సెంటీమీటర్లు, అంటే మూరకు కాస్త తక్కువ. అంతకన్నా పొడుగు కత్తి అయితే జీర్ణాశయంలోకే దిగుతుంది.

మొదటి అడ్డంకి డోకు. మా దగ్గరికొచ్చే పేషెంట్లకు నోట్లో మందు స్ప్రే చేసి, గొంతు మొద్దుబారాక చిటికెన వేలంత లావు, మెత్తగా వంగే గొట్టం పెడతాం. అయినా సగం మందికి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంటారు. కత్తి మింగేవాళ్ళు అదే డోకును నెలలు, కొందరైతే ఏళ్ళ తరబడి రోజూ సాధన చేసి అణచుకుంటారు. దాని తర్వాత అన్నవాహిక మొదట్లో బిగుసుకుని ఉండే కండరపు వలయం వస్తుంది. మనం మామూలుగా అదుపు చేయలేని కండరం అది, గుటక వేసినప్పుడు దానంతటదే తెరుచుకుంటుంది. వాళ్ళు గుటక వేయకుండానే దాన్ని వదులు చేసుకుంటారు. అందుకే నన్నడిగితే "మింగడం" అనే మాటే సరికాదు. మింగే పనిని పూర్తిగా ఆపుకోగలిగితేనే కత్తి దిగుతుంది.

అక్కడి నుంచి గుండెకు సరిగ్గా వెనక వైపుగా వెళ్తుంది. అన్నవాహిక మెత్తటిది కాబట్టి కత్తికి తగ్గట్టు నిటారుగా సర్దుకుంటుంది. అంచులు సాధారణంగా మొద్దుగా ఉంటాయి, కానీ మొన గుచ్చుకుంటే చిల్లు పడుతుంది. ఇక లాలాజలమే నూనెలా పనిచేస్తుంది. నోరు ఎండిపోయే జబ్బు వచ్చి ఈ పని మానేసిన ఒకాయన గురించి చదివాను.

డల్లాస్_రవి
నేను కళ్ళారా చూశాను. న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో సైడ్‌షోకి (ఇలాంటి వింత విద్యల ప్రదర్శన) వెళ్ళినప్పుడు నన్నే స్టేజీ మీదికి పిలిచారు. ముందు కత్తి నా చేతికిచ్చారు. ఇటూ అటూ వంచి చూశాను, పిడి తిప్పి చూశాను, ఎక్కడా కదల్లేదు. బరువుగా, చల్లగా ఉంది. ఆయన దాన్ని గుడ్డతో తుడిచి, నాలుకతో తడిపి, తల వెనక్కి వాల్చాడు. సగం దాకా నెమ్మదిగా దిగింది, ఒక్క క్షణం ఆగాడు, తర్వాత మిగతాది దానంతట అదే జారినట్టు పోయింది. ఆయన నా వైపు వంగి, పిడి పట్టుకుని లాగమని సైగ చేశాడు. నా చెయ్యి వణికింది అన్నా, నిజంగా. నిటారుగా లాగాను. తడిగా మెరుస్తూ బయటికొచ్చింది. వేలు ఆనించి చూస్తే ఇందాకటి చల్లదనం లేదు, గోరువెచ్చగా ఉంది. ఆ తర్వాత నాకు అనుమానం అన్నదే రాలేదు.

పాతపుస్తకాల_పద్మ
సిరి గారూ, మీ ఎండోస్కోపీకి కత్తి మింగేవాళ్ళతో సంబంధం ఉంది! 1868లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో అడాల్ఫ్ కుస్‌మాల్ అనే డాక్టర్, బతికున్న మనిషి జీర్ణాశయంలోకి చూడాలని 47 సెంటీమీటర్ల పొడవు, 13 మిల్లీమీటర్ల లావు ఉన్న గట్టి గొట్టం చేయించాడు. దాన్ని దించుకున్నది కత్తి మింగే మనిషే. వెలుతురు చాలక లోపల సరిగ్గా కనిపించలేదు గానీ, దారి ఉందని తేలిపోయింది. వంగే ఫైబర్ గొట్టం రావడానికి 1957 దాకా ఆగాల్సి వచ్చింది. 1906లో మ్యాక్స్ క్రెమర్ అనే శాస్త్రవేత్త కూడా అన్నవాహిక లోపలి నుంచి గుండె ఈసీజీ తీయడానికి ఇలాంటి మనిషి సాయమే తీసుకున్నాడు.

ఈ విద్య పుట్టింది మన దేశంలోనే అంటారు. 1800ల మొదట్లో లండన్‌లో కత్తి మింగి పేరు తెచ్చుకున్న రామో సామీ మన దేశపు గారడీవాడే. రామస్వామి అనే పేరు అక్కడివాళ్ళ నోట్లో అలా అయిందంటారు. 1850లో అక్కడే పేదరికంలో చనిపోయాడు. అంత జనాన్ని నోరెళ్ళబెట్టించిన మనిషి గతి అది. తలచుకుంటే మనసు పాడవుతుంది.

హనుమకొండ_శ్రీను
దయచేసి ఇది చదివి ఎవరూ ప్రయత్నించకండి. మా పక్కింటి అబ్బాయి ఇంటర్‌లో ఉండగా యూట్యూబ్ చూసి ప్లాస్టిక్ స్కేలుతో మొదలుపెట్టాడు. నాలుగో రోజు గొంతులో గీరుకుని రక్తం వచ్చింది. రాత్రి పదకొండింటికి బండి మీద హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది నేనే. చిల్లు పడలేదని తేలేదాకా వాళ్ళమ్మ కారిడార్‌లో కూలబడి ఏడుస్తూనే ఉంది. పదిరోజులు జావ తప్ప ఏమీ దిగలేదు వాడికి.

సిరి_స్టాఫ్‌నర్స్
శ్రీను గారు చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోండి. ఏళ్ళ సాధన ఉన్నవాళ్ళకే తప్పడం లేదు. 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బ్రయాన్ విట్‌కోంబ్ అనే డాక్టరు, స్వయంగా కత్తులు మింగే డాన్ మేయర్ కలిసి 46 మంది అనుభవాలు రాశారు. అంతకుముందు మూడు నెలల్లో వాళ్ళంతా కలిసి మింగిన కత్తులు 2000కు పైనే. ఆరుగురికి గొంతుకో అన్నవాహికకో చిల్లు పడింది. ఇంకొకరికి కత్తి గుండెను రాసుకుంటూ వెళ్ళిందని డాక్టర్లు చెప్పారట. ఒకాయనకు భుజం మీది చిలక అల్లరి చేయడంతో ధ్యాస తప్పి అన్నవాహిక చీరుకుపోయింది. 19 మంది గొంతునొప్పి గురించి చెప్పారు, ముఖ్యంగా నేర్చుకునే రోజుల్లో, వెంటవెంటనే షోలు చేసినప్పుడు.

పాలకొల్లు_కిరణ్
అందరికీ థాంక్స్. ఇదంతా నాన్నకు చదివి వినిపించి, నాదే తప్పని ఒప్పుకున్నాను. గొంతునొప్పి మాట రాగానే "ఉండు, మళ్ళీ చదువు" అన్నారు. ఆ తీర్థంలో ఆయన రోజుకు ఐదారు ఆటలు వేసేవాడట. ఆట అయ్యాక ఒక్క మాటా మాట్లాడేవాడు కాదట. చేతులు జోడించి నిలబడితే, పళ్ళెం పట్టుకుని డబ్బులు అడిగింది ఆయన భార్యేనట. చూసినవాళ్ళు పొగరనుకున్నారట. నాన్న కూడా అలాగే అనుకుని పళ్ళెంలో ఏమీ వేయకుండా వచ్చేశారట.